లేత నరకణానికి గాబా పోస్తే ఏమవుతుంది? ముందు దాని వయసు చెప్పండి

నెల్లూరు పొగతోటలో మందుల షాపుల కౌంటర్ల మీద ఈ మధ్య ఒక కరపత్రం కట్టలు కట్టలుగా కనిపిస్తోంది. పిల్లల మెదడు టానిక్కుది. పైన రంగురంగుల న్యూరాన్ బొమ్మ, దాని కింద ఒక ముక్క: గాబా, గ్లుటామిక్ యాసిడ్ మెదడు కణాల కొమ్మలను పెంచుతాయని ల్యాబ్‌లో నిరూపితం. ఇంటర్ చదివే కొడుకు కోసం వచ్చిన ఒకావిడ దాన్ని చూపించి, “అన్నా, ఇది తాగితే నిజంగా మెదడు పెరుగుద్దా?” అని అడిగింది. షాపతను, “ల్యాబ్‌లో చూసే గదక్కా రాసింది” అన్నాడు. ఆవిడ రెండు సీసాలు కొనుక్కుని వెళ్ళింది.

గాబా, గ్లుటామిక్ యాసిడ్ రెండూ న్యూరోట్రాన్స్‌మిటర్లు, అంటే నరాల కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాలు. వాటిని ల్యాబ్‌లో చూసిన మాట నిజమే. నలభై ఏళ్ళకు పైగా చూస్తూనే ఉన్నారు. అయితే అదే గ్లుటమేట్ (శరీరంలో గ్లుటామిక్ యాసిడ్ ఉండే రూపం) కొమ్మలను కుదించడం కూడా చూశారు, కణాన్ని చంపేయడం కూడా చూశారు. గాబా కణాల పుట్టుకను ఒకచోట పెంచి, పక్కనే ఇంకోచోట తగ్గించడం చూశారు. కరపత్రంలో ఇవేవీ లేవు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. కల్చర్‌లో, అంటే డిష్‌లో పెంచిన కణాల మీద, న్యూరోట్రాన్స్‌మిటర్ ఏం చేసిందో చెప్పేవాళ్ళు కణం వయసెంత, మోతాదెంత, ఎంతసేపు ఉంచారు, ఏ మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) ఉంచారు అనే నాలుగు సంగతులూ చెప్పాలి. చెప్పకపోతే దాన్ని ఫలితంగా లెక్కలోకి తీసుకోకూడదు. టానిక్కు కంపెనీకి ఎంత వర్తిస్తుందో, మన డిగ్రీ కాలేజీల బయోటెక్నాలజీ ప్రాజెక్టు రిపోర్టులకూ అంతే వర్తిస్తుంది.

సినాప్స్ కట్టకముందే

పాఠంలో న్యూరోట్రాన్స్‌మిటర్ కథ 1921లో ఆటో లోవీ కప్ప గుండెలతో మొదలై, సినాప్స్ (రెండు నరాల కణాలు కలిసే చోటు) బొమ్మ దగ్గర ముగుస్తుంది. ఒక కణం వదులుతుంది, ఇంకోటి అందుకుంటుంది, పరీక్షకు అంతే చాలు. కానీ లేత కణం సినాప్స్ కట్టుకోకముందే ఈ రసాయనాలను అందుకునే రిసెప్టర్లను ఒంటినిండా పెట్టుకుని ఉంటుంది. వాటితో అది పెరుగుదలనే నడుపుకుంటుంది.

18 రోజుల ఎలుక పిండం హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలకు ముఖ్యమైన భాగం) నుంచి తీసిన కణాన్ని పాలీ-లైసిన్ పూసిన గాజు మీద వదిలితే, మొదటి కొన్ని గంటలు చుట్టూ పల్చటి కుచ్చు వేసుకుని కూర్చుంటుంది. సగం రోజుకు నాలుగైదు పొట్టి చేతులు వస్తాయి, అన్నీ దాదాపు ఒకే పొడుగు. ఒకటిన్నర రోజుకు వాటిలో ఒకటి మిగతావాటిని దాటేసి సాగిపోతుంది, అది కబురు బయటికి పంపే ఆక్సాన్. మిగిలినవి నాలుగో రోజు నుంచి కబురు అందుకునే డెండ్రైట్లుగా కొమ్మలేస్తాయి. ఈ దశల లెక్క 1988లో డాటీ, సలివాన్, బ్యాంకర్ ఇచ్చింది. ఇప్పటికీ అందరూ దాన్నే వాడుతున్నారు.

ప్రతి చేతి కొసనా ఒక గ్రోత్ కోన్ ఉంటుంది. ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపులో 40ఎక్స్ లెన్సు కింద పది నిమిషాలు కదలకుండా చూస్తే, దాని అంచు నుంచి సన్నటి పోగులు బయటికి వచ్చి, తడుముకుని, లోపలికి పోవడం కనిపిస్తుంది. కొన్ని పోగులు గాజును పట్టుకుంటాయి, ఆ వైపుకే కోన్ జరుగుతుంది. దాని లోపలి కాల్షియం ఒక హద్దులో ఉన్నంతసేపే ఈ నడక. మరీ తగ్గినా ఆగుతుంది, మరీ పెరిగినా ఆగుతుంది. న్యూరోట్రాన్స్‌మిటర్లు చెయ్యి పెట్టేది ఎక్కువగా ఈ కాల్షియం మీదే.

1984లో హేడన్, మెకాబ్, కేటర్ హెలిసోమా అనే నత్త నుంచి గుర్తుపట్టదగిన న్యూరాన్లను విడిగా తీసి పెంచారు. సెరొటోనిన్ అనే ఇంకో న్యూరోట్రాన్స్‌మిటర్ పోస్తే 19వ నంబరు న్యూరాన్ గ్రోత్ కోన్లు కదలిక మానేశాయి. 5వ నంబరు న్యూరాన్ మాత్రం పట్టించుకోలేదు. అదే జీవి, అదే డిష్, అదే రసాయనం. తర్వాత 19వ నంబరుకే ఎసిటైల్‌కొలీన్ అనే మరో న్యూరోట్రాన్స్‌మిటర్ కూడా కలిపి చూస్తే, సెరొటోనిన్ పెట్టిన బ్రేకు పట్టలేదు. అంటే ఒక రసాయనం చేసే పని పక్కన ఇంకే రసాయనం ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

(మన తీరం పొడుగునా ఉన్న రొయ్యల హేచరీల వాళ్ళకు సెరొటోనిన్ వేరే వైపు నుంచి తెలిసి ఉండవచ్చు. తల్లి రొయ్య కంటికాడ తీసే బదులు సెరొటోనిన్ ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పక్వానికి తేవచ్చా అని పరిశోధనలు జరిగాయి, పక్వానికి వచ్చాయి కూడా. సెరొటోనిన్ అంటే సంతోషం అని రాసేవాళ్ళు ఆ రొయ్యను కూడా కాస్త తలచుకోవాలి.)

గ్లుటమేట్ సంగతి 1988లో మ్యాట్సన్, కేటర్ బృందం ఎలుక హిప్పోక్యాంపస్ కణాల మీద చూపించింది. తగుమాత్రం మోతాదులో డెండ్రైట్ల పెరుగుదల ఆగింది, ఆక్సాన్ మాత్రం పెద్దగా దెబ్బతినకుండా సాగింది. మోతాదు పెంచితే డెండ్రైట్లు వెనక్కి కుదించుకుపోయాయి. ఇంకా పెంచితే కణం చచ్చింది. ఇక 1994లో జెంగ్, పూ బృందం గోళ్ళ కప్ప పిండం న్యూరాన్ పక్కన సన్నటి పిపెట్టు కొస నుంచి ఎసిటైల్‌కొలీన్ వదిలితే, గ్రోత్ కోన్ అటువైపే తిరిగింది. కొమ్మలు పెంచుతుందా అన్న ప్రశ్నకు ఏ కొమ్మ, ఏ వైపు, ఏ మోతాదు అని తిరిగి అడగక తప్పదు.

వరి పండించే జిల్లాలో ఇది అంత కొత్త సంగతేం కాదు. పిలకల దశలో వేసిన యూరియా పిలకలు పెంచుతుంది. అదే బస్తా వెన్ను తీసేటప్పుడు కుమ్మరిస్తే పైరు పడిపోతుంది, అగ్గితెగులు అంటుకుంటుంది. యూరియా మంచిదా చెడ్డదా అని రైతు ఎవరూ అడగడు.

గాబా తిరగబడే వారం

పెద్ద మెదడులో గాబా కణాన్ని శాంతపరుస్తుందని అందరూ చదువుకున్నారు. లేత కణంలో అది రేపుతుంది. కారణం గాబాలో లేదు, కణం లోపలి క్లోరైడ్‌లో ఉంది. గాబా-ఏ రిసెప్టర్ తెరిచేది క్లోరైడ్ దారి. లేత కణంలో ఎన్‌కేసీసీ1 అనే పంపు క్లోరైడ్‌ను లోపలికి ఎక్కిస్తూ ఉంటుంది, బయటికి తోడే కేసీసీ2 ఇంకా చాలినంత తయారై ఉండదు. దారి తెరవగానే క్లోరైడ్ బయటికి పోతుంది, కణం డీపోలరైజ్ అవుతుంది, అంటే రేగుతుంది, కాల్షియం తలుపులు తెరుచుకుంటాయి. వయసు వచ్చేకొద్దీ కేసీసీ2 పెరిగి లెక్క తిరగబడుతుంది. 1989లో బెన్-ఆరి బృందం పుట్టిన మొదటి వారం ఎలుకల హిప్పోక్యాంపస్‌లో ఈ రేపడాన్ని రికార్డు చేసింది. 1999లో రివేరా బృందం కేసీసీ2 పాత్రను తేల్చింది.

డిష్‌లో ఎలుక హిప్పోక్యాంపస్ కణాలకు ఈ మలుపు సుమారు రెండో వారంలో వస్తుంది. కాబట్టి 4వ రోజు గాబా పోసిన విద్యార్థీ, 16వ రోజు గాబా పోసిన విద్యార్థీ పేరుకు ఒకే ప్రయోగం చేశారు, నిజానికి రెండు వేరు ప్రయోగాలు చేశారు. వాళ్ళిద్దరి సగటు తీస్తే ఏమీ మిగలదు.

ఈ మలుపును ఎవరు తిప్పుతారన్న దాని మీద గొడవ కూడా ఉంది. 2001లో గంగూలీ, పూ తదితరులు కల్చర్ కణాల్లో గాబాయే తన మలుపును తానే తెచ్చుకుంటుందని, గాబా-ఏ రిసెప్టర్లను అడ్డుకుంటే మలుపు ఆలస్యమవుతుందని చూపించారు. చాలా అందమైన ఫలితం. 2003లో వేరే రెండు బృందాలు తమ కల్చర్లలో గాబా అడ్డుకున్నా కేసీసీ2 మామూలుగానే పెరిగిందని రాశాయి. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు తప్పు చేశారనుకోవడం కంటే, మీడియంలో, కణాల దట్టంలో, రోజుల లెక్కలో ఏం తేడా ఉందో వెతకడం మేలు.

కణాలు పుట్టే చోట కూడా ఇదే తంతు. 1995లో లోటర్కో, క్రీగ్‌స్టైన్ బృందం గాబా, గ్లుటమేట్ రెండూ ఎలుక కార్టెక్స్ (మెదడు పైపొర) మూలకణాల్లో డీఎన్ఏ తయారీని, అంటే విభజనను, తగ్గిస్తాయని చూపించింది. 2000లో హేడర్ బృందం కల్చర్‌లో పెట్టిన మెదడు ముక్కల్లో చూస్తే, కణాలు పుట్టే పొరల్లో ఒకటైన వెంట్రిక్యులర్ జోన్‌లో అవే రసాయనాలు విభజనను పెంచాయి, దాన్ని ఆనుకునే ఉన్న సబ్‌వెంట్రిక్యులర్ జోన్‌లో తగ్గించాయి. ఆ రెండు పొరలకూ మధ్య ఉన్న దూరం వెంట్రుక మందంతో కొలిచేంత.

మనం పోయకుండానే డిష్‌లో ఉన్నవి

రిపోర్టుల్లో కంట్రోల్ అని రాసే డిష్ నిజంగా కంట్రోలేనా? ఎక్కువమంది దాటేసే చోటు ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం.

మన కాలేజీల్లో తేలిగ్గా దొరికే మీడియం డీఎంఈఎం/ఎఫ్12. దాని ఫార్ములా కాగితంలో గ్లుటామిక్ యాసిడ్ లీటరుకు 7.35 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 50 మైక్రోమోలార్ (గాఢత కొలత; వెయ్యి మైక్రోమోలార్లు ఒక మిల్లీమోలార్). అంతే మోతాదులో ఆస్పార్టిక్ యాసిడ్ కూడా ఉంటుంది. అందులో 10 మైక్రోమోలార్ గ్లుటమేట్ కలిపి ‘ప్రభావం ఏమీ లేదు’ అని రాస్తే, 50ని 60తో పోల్చారన్నమాట. న్యూరోబేసల్ అనే ఇంకో మీడియంలో ఆ రెండూ లేవు. 1993లో బ్రూయర్ బృందం బీ27 అనే పోషకాల మిశ్రమంతో కలిపి దాన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడు, హిప్పోక్యాంపస్ కణాలకు మొదటి నాలుగు రోజులు 25 మైక్రోమోలార్ గ్లుటమేట్‌ను కావాలనే కలిపే పద్ధతి పెట్టింది. లేత కణం దాన్ని తట్టుకుంటుంది. ముదిరిన కల్చర్‌కు 100 మైక్రోమోలార్ 5 నిమిషాలు తగిలితే చాలు, మర్నాటికి చాలా న్యూరాన్లు పోతాయని 1987లోనే చోయ్ బృందం చూపించింది. అదే బృందం లేత కల్చర్లు ఆ దెబ్బకు లొంగవని కూడా రాసింది.

న్యూరోబేసల్ కూడా ఖాళీ నీళ్ళేం కాదు. లీటరుకు 30 మిల్లీగ్రాముల గ్లైసీన్ ఉంటుంది, 0.4 మిల్లీమోలార్. గ్లైసీన్ ఎన్ఎండీఏ అనే గ్లుటమేట్ రిసెప్టర్‌కు గ్లుటమేట్‌తో పాటు కావలసిన రెండో తాళంచెవి. అది ఎప్పుడూ నిండుగా ఉన్నప్పుడు వచ్చిన ఫలితాన్ని మెదడు ద్రవంలో వచ్చే ఫలితమనుకోకూడదు.

సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, మీడియంలో కలుపుతారు) సంగతి ఇంకా తికమక. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు సెరొటోనిన్ వదులుతాయి, అది సీరంలో ఉండిపోతుంది. 10 శాతం సీరం పోసి సెరొటోనిన్ లేని కంట్రోల్ అని రాయడం కుదరదు. బొగ్గుతో శుద్ధి చేసిన సీరమో, డయాలిసిస్ చేసిన సీరమో వాడాలి. లేకపోతే కణాలు అంటుకునే మొదటి 4 గంటలకే సీరం వాడి తీసేయాలి.

మీడియంలో పోషకంగా ఉండే గ్లుటమిన్ 37 డిగ్రీల దగ్గర దానంతటదే విరిగి అమ్మోనియా వదులుతుంది. చచ్చిన కణాల నుంచి బయటపడే గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ గ్లుటమిన్‌ను గ్లుటమేట్‌గా మారుస్తుంది. పది కణాలు చస్తే వాటి గ్లుటమేట్ ఇంకో పదింటిని చంపుతుంది. 2 మిల్లీమోలార్ బదులు 0.5 మిల్లీమోలార్ గ్లుటమిన్ వాడితేనో, విరగని అలనైల్-గ్లుటమిన్ వాడితేనో ఈ గొలుసు చాలావరకు తెగుతుంది.

గ్లియా (న్యూరాన్లకు తోడుండే కణాలు) ఉన్నాయా లేవా అన్నది అన్నిటికంటే పెద్ద తేడా. గ్లియాలో ఒక రకమైన ఆస్ట్రోసైట్లు గ్లుటమేట్‌ను ఎప్పటికప్పుడు లాగేసుకుంటాయి. 1989లో వచ్చిన ఒక పరిశోధనలో ఆస్ట్రోసైట్లు తక్కువున్న ఎలుక కార్టెక్స్ కల్చర్‌లో న్యూరాన్లు గ్లుటమేట్‌కు సుమారు 100 రెట్లు తేలిగ్గా దెబ్బతిన్నాయి. సీసా మీద రాసిన మోతాదు ఒకటే, కణానికి తగిలిన మోతాదు వందరెట్లు తేడా.

ఫలదీకరణ చెందిన గుడ్డు చాలు

ఇవన్నీ పెద్ద సంస్థల్లోనే కుదిరే పనులని, నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో కుదరవని తేల్చేసేవాళ్ళున్నారు. 18 రోజుల ఎలుక పిండమంటే ఎలుకల గది, రోజు లెక్కపెట్టిన గర్భం, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, నిజమే. కానీ కోడి పిండం ముందుమెదడుతో ఈ ప్రశ్నల్లో చాలావాటిని అడగవచ్చు. (గుడ్డుతో అయినా కాలేజీ కమిటీకి చెప్పి మొదలుపెట్టడం మంచిది.) 7, 8 రోజుల కోడి ముందుమెదడులో గ్లియా ఇంకా పెద్దగా పుట్టదు కాబట్టి దాదాపు న్యూరాన్లే దొరుకుతాయి. అదొక వరం.

కొట్లో గుడ్డు పనికిరాదు. లేయర్ ఫారంలో పుంజు ఉండదు, ఆ గుడ్డును పొదిగినా పిల్ల కాదు. కోడిపిల్లల హేచరీ నుంచో, పుంజు ఉన్న నాటుకోళ్ళ మంద నుంచో తేవాలి. ఎండాకాలంలో అందరూ పడే గుంట ఒకటుంది. గుడ్లను పొదిగే దాకా 15 నుంచి 18 డిగ్రీల్లో ఉంచాలి. మన రోహిణి కార్తె గదిలో బల్ల మీద పెడితే పిండం అక్కడే కొద్దికొద్దిగా పెరగడం మొదలుపెడుతుంది, లేదా సగంలో చస్తుంది. తర్వాత ఇంక్యుబేటర్‌లో పెట్టి 8వ రోజు అని రాసుకున్నా, ఒక్కో గుడ్డు ఒక్కో వయసులో ఉంటుంది. వయసే అసలు విషయమైన ప్రయోగానికి ఇది మొదట్లోనే గండి. అందుకే పిండాన్ని తీయగానే హ్యాంబర్గర్-హ్యామిల్టన్ పట్టికతో పోల్చి దశ రాసుకోవాలి. 1951 నాటి పట్టిక, 46 దశలు. 8 రోజుల పిండం 34వ దశకు అటూ ఇటూ ఉండాలి. 37.5 డిగ్రీలు, 50 నుంచి 60 శాతం తేమ, రోజుకు మూడుసార్లయినా తిప్పడం. 5వ రోజు చీకట్లో టార్చి మీద పెట్టి చూస్తే సాలెగూడులా రక్తనాళాలు కనిపిస్తాయి. కనిపించనివి తీసేయాలి.

గుడ్డును 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, గాలిగది ఉన్న మొద్దు కొస నుంచి తెరవాలి. ముందుమెదడు రెండు అర్ధభాగాలను కాల్షియం, మెగ్నీషియం లేని హ్యాంక్స్ ద్రావణంలోకి తీసి, పైపొరను సన్న ఫోర్సెప్స్‌తో ఒలిచేయాలి. ఆ పొర మిగిలితే ఫైబ్రోబ్లాస్ట్‌లు వారంలో డిష్‌ను కమ్మేస్తాయి. కణాలను విడదీసే ఎంజైమ్ అయిన ట్రిప్సిన్ 0.05 శాతం ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు, తర్వాత సీరంతో ఆపడం. కొస మంటలో నునుపు చేసిన పాశ్చర్ పిపెట్టుతో పదిసార్లు నెమ్మదిగా ఎక్కించి దించాలి. బుడగలు రాకూడదు. జిగురుగా దారాలు సాగితే పగిలిన కణాల డీఎన్ఏ బయటికొచ్చిందని అర్థం. డీఎన్ఏజ్ (డీఎన్ఏను కోసే ఎంజైమ్) కొద్దిగా వేసి, ఇంకాస్త మెల్లగా చేయాలి.

గాజు మీద పూత: పాలీ-డి-లైసిన్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు, పీహెచ్ 8.5 బోరేట్ బఫర్‌లో, రాత్రంతా. పొద్దున శుభ్రమైన నీళ్ళతో మూడుసార్లు కడగాలి. కడగకుండా మిగిలిన పాలీ-లైసిన్ కణాలను చంపుతుంది, ఆ చావును పాపం మందు మీదకు తోసేస్తారు. కొమ్మల పొడుగు కొలవాలంటే చదరపు సెంటీమీటరుకు 10,000 నుంచి 20,000 కణాలు చాలు. 50,000 దాటితే కొమ్మలు అల్లుకుపోయి ఏది ఎవరిదో తెలియదు.

సీఓ2 ఇంక్యుబేటర్ లేని చోట ఎల్-15 మీడియం గాలిలోనే పీహెచ్ నిలుపుకుంటుంది. అందులో గ్లైసీన్ లీటరుకు 200 మిల్లీగ్రాములని మాత్రం రాసుకోవాలి. ఇంక్యుబేటర్ ఉన్నా దానికి వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. గది దానికంటే 5 డిగ్రీలైనా చల్లగా ఉండాలి. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే లోపల 37 కాస్తా 39, 40 అవుతుంది. ఆ వారం చచ్చిన కణాలకు గ్లుటమేట్ బాధ్యత లేదు.

మోతాదు కలిపే దగ్గర జరిగే తప్పులు

గ్లుటామిక్ యాసిడ్‌ను 100 మిల్లీమోలార్ చేయాలని చూస్తే మామూలు నీళ్ళలో పూర్తిగా కరగదు. 10 మిల్లీమోలార్ కరుగుతుంది కానీ పుల్లగా ఉంటుంది, మీడియం రంగు పసుపుకు తిరుగుతుంది. అప్పుడు చూసేది ఆమ్లం ప్రభావం. ల్యాబ్ గ్రేడ్ మోనోసోడియం గ్లుటమేట్ మోనోహైడ్రేట్ 187 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్లలో కరిగిస్తే 10 మిల్లీమోలార్, పీహెచ్ సమస్య ఉండదు. గాబా అయితే 103 మిల్లీగ్రాములు.

అర మిల్లీలీటరు ఉన్న వెల్‌లో (కణాలు పెంచే గుంటలో) 50 మైక్రోమోలార్ కావాలంటే ఆ 10 మిల్లీమోలార్ ద్రావణం 2.5 మైక్రోలీటర్లు పోయాలి. ఆ చుక్క నేరుగా పడిన చోట కణాలకు తగిలే మోతాదు మిల్లీమోలార్లలో ఉంటుంది. మధ్యలో గుండ్రంగా చచ్చిన మచ్చ, అంచుల్లో బాగున్న కణాలు కనిపిస్తే కారణం ఇదే. వెచ్చటి మీడియంలో 100 మైక్రోమోలార్ ముందే కలిపి పెట్టుకుని, వెల్ నుంచి 250 మైక్రోలీటర్లు తీసి అంతే పోస్తే సరిగ్గా 50 అవుతుంది. కంట్రోల్ వెల్‌లోనూ మందు లేని మీడియంతో ఇదే మార్పిడి చేయాలి. మీడియం మార్పిడి ఒక్కటే కణాలను కుదిపేస్తుంది.

డోపమైన్ అనే న్యూరోట్రాన్స్‌మిటర్‌తో ఇంకా కష్టం. 37 డిగ్రీల మీడియంలో గంటల్లోనే ఆక్సీకరణ చెంది, గోధుమరంగుకు తిరిగి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది. 100 మైక్రోమోలార్ డోపమైన్ కణాలను చంపిందని రాసేముందు, ఒక వెల్‌లో పెరాక్సైడ్‌ను విరిచే కెటలేజ్ కలిపి చూడాలి. కణాలు బతికితే చంపింది పెరాక్సైడ్. కోడి రెటీనా న్యూరాన్లలో డీ1 అనే రిసెప్టర్ ద్వారా డోపమైన్ గ్రోత్ కోన్లను ఆపుతుందని 1988లో డిమెల్లో, క్లైన్ బృందం చెప్పగలిగిందంటే, రిసెప్టర్‌ను అడ్డుకునే మందుతో ఆ ప్రభావం పోవడం చూపించబట్టే. ఇలా అడ్డుకునే మందులు: ఎన్ఎండీఏకు ఏపీవీ 50 మైక్రోమోలార్, గాబా-ఏకు బైకుకులిన్ 10 నుంచి 20 మైక్రోమోలార్. అడ్డు పెట్టే వెల్ లేని ప్రయోగం అసంపూర్తి.

లెక్కపెట్టేవాళ్ళకు ఏ వెల్ ఏదో తెలియకూడదు. ఒక వెల్‌లో 60 కణాలు కొలిచి ఎన్ (స్వతంత్ర నమూనాల సంఖ్య) 60 అని వేయడం మన రిపోర్టుల్లో మామూలైపోయింది. వేరువేరు రోజుల్లో తీసిన మూడు విడతల గుడ్లు కొలిస్తే ఎన్ 3 మాత్రమే.

అసలు అవసరమే లేదనే వాదన

నా వాదనకు గట్టి అడ్డు 2000లో వచ్చింది. వెర్‌హేగ్ బృందం మన్‌క్18-1 అనే జన్యువు లేని ఎలుకలను తయారుచేసింది. వాటి మెదడులో సినాప్స్‌ల నుంచి న్యూరోట్రాన్స్‌మిటర్ విడుదలే ఉండదు. అయినా పొరలు ఏర్పడ్డాయి, నరాల దారులు వేసుకున్నాయి, సినాప్స్‌లు కూడా కట్టుకున్నాయి. ఇది చదివినవాళ్ళు డిష్‌లో పోసి చూసిందంతా మనం చేసిన అల్లరేనా, మెదడుకు దీంతో పని లేదా అని అడుగుతారు. సరైన ప్రశ్న. నాకు ఇప్పటికీ దీనికి పూర్తి జవాబు తృప్తిగా లేదు.

కానీ అదే పరిశోధనలో రెండో సగం ఉంది. కట్టుకున్న తర్వాత ఆ న్యూరాన్లు పెద్దఎత్తున చచ్చిపోయాయి, పిల్లలు పుట్టగానే పోయాయి. కట్టడానికి స్థూలమైన నక్షా జన్యువులే ఇస్తాయి, నిలబడటానికి న్యూరోట్రాన్స్‌మిటర్ కావాలి అని దాన్ని చదువుకోవచ్చు. డిష్‌లో కూడా దీనికి ఆధారముంది. వారం వయసు ఎలుక సెరెబెల్లం (చిన్నమెదడు) గ్రాన్యూల్ కణాలు మామూలు 5 మిల్లీమోలార్ పొటాషియంలో వారంలో చస్తాయి. 25 మిల్లీమోలార్ పొటాషియంతో డీపోలరైజ్ చేస్తేనో, ఎన్ఎండీఏ రిసెప్టర్‌ను తెరిచే ఎన్ఎండీఏ అనే రసాయనం పోస్తేనో బతుకుతాయి. 1999లో ఇకోనొమిడూ బృందం వారం వయసు ఎలుకపిల్లల్లో ఎన్ఎండీఏ రిసెప్టర్లను అడ్డుకుంటే మెదడంతా కణాలు చావడం చూసింది. ఎక్కువైతే చంపే గ్లుటమేటే అందకపోయినా చంపుతుంది.

ఈ ఎలుకపిల్లల ఫలితమే పిల్లల మత్తుమందుల దాకా వచ్చింది. 2016లో అమెరికా ఎఫ్‌డీఏ మూడేళ్ళలోపు పిల్లలకు 3 గంటలు దాటిన మత్తు, లేదా పదేపదే ఇచ్చే మత్తు గురించి హెచ్చరిక పెట్టింది. ఇక్కడ కూడా మోతాదు, సమయం చూడాలి: హెర్నియా ఆపరేషన్‌కు గంటలోపు ఒకసారి మత్తు తీసుకున్న పసిపిల్లలను ఐదేళ్ళ వయసులో పరీక్షిస్తే తెలివితేటల్లో తేడా కనబడలేదని 2019లో గ్యాస్ అనే పేరున్న ట్రయల్ తేల్చింది. ఎలుకపిల్ల కథ చదివి అవసరమైన ఆపరేషన్ వాయిదా వేయకూడదు.

డిష్ నుంచి ఉయ్యాల దాకా

డిష్ ఫలితాన్ని నిజాయితీగా, జాగ్రత్తగా పిల్లల దాకా తీసుకెళ్ళిన ఉదాహరణ కూడా ఉంది, టానిక్కు అమ్మేవాళ్ళు చూడవలసినది. లేత కణంలో గాబా రేపుతుంది కాబట్టే పసికందుల ఫిట్స్‌కు గాబా పనిని పెంచే ఫీనోబార్బిటాల్ సరిగా పనిచేయదేమో అన్నది ఊహ. ఎన్‌కేసీసీ1ను బ్యూమెటనైడ్ అనే మూత్రం మందుతో మూసేస్తే క్లోరైడ్ తగ్గి గాబా శాంతపరుస్తుందన్నది తర్కం. ఎలుకపిల్లల్లో పనిచేసింది. యూరప్‌లో నెమో అనే ట్రయల్‌లో ప్రసవ సమయంలో ఊపిరాడక ఫిట్స్ వచ్చిన 14 మంది పసికందులకు ఇచ్చారు. ఫిట్స్ మీద ఆశించిన ఫలితం రాలేదు, బతికిన 11 మందిలో ముగ్గురికి వినికిడి దెబ్బతింది. 2015లో అచ్చయిన ఆ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు.

తర్కంలో తప్పు లేదు. బ్యూమెటనైడ్ రక్తం నుంచి మెదడులోకి చాలా కొద్దిగానే చేరుతుంది. డిష్‌లో రక్తం లేదు కాబట్టి ఆ అడ్డు కనబడదు. ఇక ఎన్‌కేసీసీ1 న్యూరాన్ల సొత్తు కూడా కాదు. లోపలి చెవిలో పొటాషియం నిండిన ద్రవాన్ని తయారుచేసే కణాలు దాని మీదే బతుకుతాయి, అందుకే ఈ జాతి మూత్రం మందులు ఎక్కువైతే చెవులకు ముప్పని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. పైగా ఆ పసికందులకు చెవిని దెబ్బతీయగల అమైనోగ్లైకోసైడ్ యాంటీబయాటిక్స్ కూడా పడుతున్నాయి. తాగిన గాబా, గ్లుటామిక్ యాసిడ్‌కు కూడా రక్తం నుంచి మెదడులోకి పోనివ్వని ఆ అడ్డే ఎదురవుతుంది. గ్లుటమేట్‌లో ఎక్కువ భాగం పేగు గోడ కణాలే ఇంధనంగా కాల్చుకుంటాయి. మిగిలింది రక్తంలోకి వచ్చినా మెదడు దాన్ని బయటే ఆపుతుంది, ఎందుకంటే లోపల అది మైక్రోమోలార్లలో తేడా వచ్చినా ఊరుకోదు.